ఐసీయూలో నలుగురికి అసినెటోబాక్టర్: ఫ్యూమిగేషన్ చేస్తే పోతదా?

రాత్రిడ్యూటీ (హనుమకొండ)

అందరికీ నమస్తే. మాది 10 పడకల ఐసీయూ, 5 వెంటిలేటర్లు. మూడు వారాలల్ల నలుగురు పేషెంట్ల ఈటీ ట్యూబు (శ్వాసనాళంల వేసే గొట్టం) కఫంల అసినెటోబాక్టర్ బామనీ అనే బ్యాక్టీరియా పెరిగింది. నాలుగు రిపోర్టులూ ఒక్క తీరుగనే ఉన్నయి. మెరోపెనెమ్, ఇమిపెనెమ్, పిప్టాజ్, అమికాసిన్, సిప్రో, ఈ యాంటిబయాటిక్లన్నిటికీ ఆర్, అంటే లొంగది. కోలిస్టిన్ అనే యాంటిబయాటిక్‌కు ఎస్, అంటే లొంగుతది అని రాసిన్రు, అది అగర్ ప్లేటు మీద మందు డిస్క్ పెట్టి చూసిందే. ముగ్గురు 3, 4, 5 బెడ్లల్ల ఒక్క వరుసల ఉన్నరు. నాలుగో ఆయన 9ల. ఇద్దరు పురుగుల మందు తాగి వచ్చినోళ్లు.

ఇద్దరికి జ్వరం ఉంది, ఎక్స్‌రేల కొత్త మచ్చ వచ్చింది, ఆక్సిజన్ పెంచాల్సి వచ్చింది. మిగతా ఇద్దరికి అట్లాంటిదేం లేదు, రిపోర్టుల పెరిగిందంతే.

మేనేజ్‌మెంటు రెండ్రోజులు ఐసీయూ మూసి ఫార్మలిన్ ఫ్యూమిగేషన్ (మందు ఆవిరి పట్టించుడు) చేయిద్దామంటున్నది. డ్యూటీ డాక్టరు నలుగురికీ కోలిస్టిన్ మొదలువెడ్దామంటున్నడు. రాత్రి పూట ముగ్గురు పేషెంట్లకు ఒక్క సిస్టర్. ఉన్న మనుషులతోనే ఎక్కడ్నించి మొదలువెట్టాలె?

అగర్‌ప్లేటు

ఫ్యూమిగేషన్‌కు పెట్టే డబ్బు హ్యాండ్‌రబ్‌కు పెట్టండి. ఫార్మలిన్ ఆవిరి గాలిని, పైకి కనిపించే ఉపరితలాన్ని మాత్రమే తాకుతుంది. మీ అసినెటోబాక్టర్ ఉండేది ఎండిపోయిన కఫం మరక కింద, పరుపు కుట్లలో, మానిటరు వైర్ల మీది జిడ్డులో. ఆ మురికే దానికి గొడుగు. ఆవిరి పోయిన మర్నాడు అదే అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), అవే చేతులు మళ్లీ లోపలికొస్తాయి. పైగా ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల జాబితాలో ఉంది. సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా తడిని వెతుక్కుంటుంది. అసినెటోబాక్టర్ మాత్రం పొడి ఉపరితలం మీద కూడా వారాల తరబడి కాపురం చేస్తుంది. దాన్ని సబ్బుతో రుద్ది తీయాలి, ఆ తర్వాతే రసాయనం.

ఇప్పుడు రిపోర్టు. ట్యూబు వేసి నాలుగైదు రోజులు దాటితే కఫంలో ఏదో ఒకటి పెరగడం మామూలు. పెరగడం వేరు, జబ్బు చేయడం వేరు. ల్యాబ్‌ను మూడు విషయాలు అడగండి. గ్రామ్ స్టెయిన్‌లో చీము కణాలు ఉన్నాయా? లో పవర్ ఫీల్డుకు 10 కంటే ఎక్కువ స్క్వామస్ కణాలు కనబడ్డాయా? కనబడితే అది నోటి ఉమ్మి, ఆ శాంపిల్‌ను కల్చర్‌కే పెట్టకూడదు. మూడోది, కాలనీల లెక్క ఇచ్చారా? ట్యూబు కఫంలో మిల్లీలీటరుకు లక్ష, బ్రాంకోస్కోపీతో తీసిన బాల్‌లో (ఊపిరితిత్తి కడిగిన నీటిలో) పదివేలు దాటితే గట్టిగా పట్టించుకుంటాం. 'హెవీ గ్రోత్' అన్న ఒక్క మాటతో మందు మొదలుపెట్టకండి. శాంపిల్ రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. రాత్రి తీసి పొద్దున పంపేట్టయితే ఫ్రిజ్‌లో ఉంచండి, బయట వదిలేస్తే అక్కర్లేనివన్నీ పెరిగి కూర్చుంటాయి. బ్లడ్ కల్చర్ బాటిల్ మాత్రం ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

కోలిస్టిన్ డిస్క్ రిపోర్టును నమ్మకండి. అది పెద్ద అణువు, అగర్‌లో సరిగా పాకదు. అందుకే నిరోధకత ఉన్నదానికి, లేనిదానికి డిస్క్ చుట్టూ వలయంలో తేడా తెలియదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవంలో మందును పలచన చేస్తూ చూసే పరీక్ష) చేసి ఎంఐసీ అంకె, అంటే పెరుగుదల ఆపే కనీస మందు మోతాదు, ఇమ్మనండి. ల్యాబ్ పరీక్షలకు ప్రమాణాలు ఇచ్చే సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2020 పట్టికల నుంచి కోలిస్టిన్‌కు ఎస్ అనే గడే లేదు. ఎంఐసీ 2, అంతకు తక్కువైతే ఇంటర్మీడియట్, 4, అంతకు ఎక్కువైతే రెసిస్టెంట్. అంటే మీ రిపోర్టులో ఎస్ అని రాయడమే తప్పు. మీ ల్యాబ్‌లో ఆ సదుపాయం లేకపోతే ఐసొలేట్‌ను (కల్చర్‌లో వేరు చేసిన బ్యాక్టీరియాను) ఏదైనా మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగానికి పంపవచ్చేమో కనుక్కోండి. నాలుగు ఐసొలేట్లనూ గ్లిసరాల్ కలిపిన బ్రాత్‌లో డీప్ ఫ్రీజర్‌లో దాచమనండి. నాలుగు రిపోర్టులు ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకే వంశం అనలేం, మన ఐసీయూల్లో దొరికే అసినెటోబాక్టర్ చాలావరకు ఇదే వరస. అది తేల్చేది జన్యు పరీక్షే. కానీ మూడు పక్కపక్క బెడ్లు కనిపిస్తుంటే ఆ ఫలితం కోసం ఆగి కూర్చోకూడదు.

చేతులుకడుగు

సిస్టర్, ఉన్న మనుషులతోనే అయితది. ముందుగాల 9ల ఉన్నాయనను 6కు తెచ్చి నలుగురినీ ఒక్క వరుసల పెట్టున్రి. 6ను ఖాళీ చేసి మంచిగ కడిగినంకనే. ఆ నలుగురికి షిఫ్టుకు ఒకే సిస్టర్ బ్యాచిని వేయున్రి, వాళ్లు ఆ షిఫ్టుల వేరే బెడ్ల దిక్కు పోవద్దు. స్టెతస్కోపు, బీపీ కఫ్, థర్మామీటరు బెడ్డుకొకటి, అక్కడ్నే కట్టేసి ఉండాలె. పక్కల పనికి గౌను, గ్లవ్స్ తప్పవు.

గ్లవ్స్ సంగతి వేరే చెప్పాలె. 3ల సక్షన్ పెట్టిన గ్లవ్స్‌తోనే 4ల పంపు అలారం నొక్కుతరు. రోగం పాకేది ఎక్కువ గట్లనే. గ్లవ్స్ చేతిని కాపాడ్తదేమో గానీ బెడ్డును కాపాడది. ఒక పేషెంటు దగ్గర్నే కూడా కింది పని చేసి ట్యూబు ముట్టుకుంటే గ్లవ్స్ మార్చాలె. తీసినంక చేతులు రబ్ చేయాలె. రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లయితే 40 నుంచి 60. చేతులకు మురికి కనపడుతుంటే సబ్బే.

సక్షన్ తావు చూడున్రి. కేథటర్ కడగనీకి పెట్టిన సెలైన్ సీసా రెండు బెడ్లకు ఒకటి ఉంటే అదే దొంగ. మూత తీసిపెట్టిన సీసా పొద్దటి నుంచి రాత్రి దాకా నడుస్తున్నా అదే. ప్రతి బెడ్డుకు విడిగా, చిన్న ఆంపూల్ సెలైన్ అయితే ఇంకా మంచిది. క్లోజ్డ్ సక్షన్ ఉంటే ఈ నలుగురికి పెట్టున్రి, పురుగుల మందు కేసులల్ల కఫం కారుతనే ఉంటది, గంటకోసారి ట్యూబు విప్పుడు తప్పుతది. అంబు బ్యాగు ఒక్కొక్కరికి ఒకటి. వాడినంక విప్పి, వాల్వు విడదీసి, ఎంజైమ్ డిటర్జెంటుల కడిగి, ఆరబెట్టి, అప్పుడు 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌ల 20 నిమిషాలు, లేకుంటే 0.55 శాతం ఓపీఏ అనే ఇంకో క్రిమినాశక ద్రావణంల 12 నిమిషాలు. తర్వాత స్టెరైల్ నీళ్లతోటి కడిగి పూర్తిగ ఆరాలె. కడగకుండ ద్రావణంల ముంచుతే ఎండిన కఫం గట్టిపడి ఇంకా పట్టుకుంటది. తడిగ కవర్ల కట్టి పెడితే కడిగిందంత ఉత్తదే.

హ్యూమిడిఫయర్ల స్టెరైల్ నీళ్లే పోయాలె, బోరు నీళ్లు గానీ క్యాను నీళ్లు గానీ కాదు. నెబులైజర్ మందు ఒక్క వయల్ తోటి నలుగురికి ఇయ్యొద్దు. వెంటిలేటర్ ట్యూబుల్ల పేరుకున్న నీళ్లు పేషెంటు దిక్కు వంగకుండ ట్రాపులకు (నీళ్లు పట్టే గిన్నెలకు) ఒంపాలె. సర్క్యూటు వారానికోసారి అని మార్చే పద్ధతి మానున్రి, మురికైతే, పాడైతేనే మార్చాలె. ఊకె విప్పుకుంట పోతే చేతులు పెట్టినట్టే అయితది. ఈటీ ట్యూబు చుట్టూ ఉండే బెలూన్, అంటే కఫ్, ప్రెషర్ వేలితోటి నొక్కి సరే అనుడు కాదు, మీటరు పెట్టి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం. తల దిక్కు 30 నుంచి 45 డిగ్రీలు, డిగ్రీల గుర్తు మంచానికి లేకుంటే గోడ మీద టేపు అంటియ్యున్రి.

ఇగ హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్. ముందు సీసా మీద ఎంత శాతం ఉందో చూడున్రి, 4, 5, 10 మూడూ దొరుకుతున్నయి. అన్నిట్లకీ ఒకే లెక్క పోస్తే తప్పు పడ్తది. సీసా శాతాన్ని కావలసిన శాతంతోటి భాగించి ఒకటి తీసేస్తే, ఒక వంతు హైపోకు నీళ్లు ఎన్ని వంతులో వస్తది. బెడ్డు రెయిలింగు, టేబుల్లకు 0.1 శాతం, అంటే 1000 పీపీఎం కావాలె. 5 శాతం సీసా అయితే 1కి 49, అయిదు లీటర్ల బకెట్టుకు 100 మి.లీ. హైపో, మిగిలినయి నీళ్లు. నెత్తురు పడ్డ తావుకు 1 శాతం, అంటే 1కి 4. షిఫ్టుకోసారి కొత్తగ కలపాలె. మన ఎండలకు స్టోరు రూముల పెట్టిన హైపో బలం దిగజారుతది, చల్లటి చీకటి తావుల ఉంచాలె. తెచ్చిన తేది మార్కరుతోటి సీసా మీద రాయున్రి. క్లోరిన్ స్ట్రిప్పులు ఉంటే కలిపినంక ముంచి చూడొచ్చు.

సబ్బు నీళ్లతోటి తుడవకుండ హైపో పోస్తే మురికే దాన్ని తినేస్తది. తుడిచినంక హైపో రాసి పది నిమిషాలు తడిగ ఉంచాలె, మెటల్ తావుల తర్వాత ఉత్త నీళ్లతో తుడవాలె, లేకుంటే తుప్పు. బెడ్డుకొక గుడ్డ, తుడిచిన గుడ్డ మళ్లీ బకెట్టుల ముంచేది లేదు. మానిటరు తెర, పంపు బటన్లకు హైపో వాడొద్దు, కంపెనీ ఒప్పుకుంటే 70 శాతం ఆల్కహాల్ తుడిపులు. టాయిలెట్ యాసిడ్ల హైపో కలపొద్దని ఆయమ్మలకు ప్రతి షిఫ్టుల చెప్పున్రి, క్లోరిన్ వాయువు లేస్తది.

హ్యాండ్‌రబ్ కొనుడు భారమైతే ఫార్మసీల కలుపుకోవచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమే: పది లీటర్లకు 99.8 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 7,515 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మి.లీ., 98 శాతం గ్లిసరాల్ 145 మి.లీ., మిగిలింది మరిగించి చల్లార్చిన నీళ్లు. 72 గంటలు ఆపినంకనే వాడాలె, ఆ పెరాక్సైడ్ చేతులకు కాదు, సీసాలల్ల ఉండే స్పోర్లను చంపనీకి. పొయ్యి, సిగరెట్ దగ్గరికి రానియ్యొద్దు. ఖాళీ సీసాల మీదికెళ్లి పోసుకుంట పోవద్దు, కడిగి ఆరబెట్టి నింపాలె.

డోసుచార్టు

రిపోర్టులో పెరిగిందని జబ్బు లక్షణాలు లేని ఆ ఇద్దరికి కోలిస్టిన్ అక్కర్లేదు. ఇస్తే కిడ్నీ పాడయ్యే అవకాశం మాత్రమే మిగులుతుంది, ట్యూబులోని జీవి ఎలాగూ పోదు.

పురుగుల మందు కేసులకు సంబంధించి ఇక్కడ చాలా చోట్ల దొర్లే పొరపాటు చెబుతాను. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కువైతే జ్వరం వస్తుంది. చర్మం పొడిగా ఉండి, కనుపాపలు పెద్దవై, పేగుల శబ్దం ఆగి, పేషెంటు అల్లరి చేస్తుంటే ఆ జ్వరం కల్చర్‌ది కాకపోవచ్చు, అట్రోపిన్ తగ్గించి చూడాలి. ఇక ఎక్స్‌రే మచ్చ. వాంతి, పురుగుల మందులోని ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే మొదటి రెండు రోజుల్లోనే మచ్చ కనిపిస్తుంది. వెంటిలేటర్ న్యుమోనియా అని పిలవాలంటే ట్యూబు పడి 48 గంటలు దాటిన తర్వాత కొత్తగా మచ్చ రావాలి, దానితో పాటు జ్వరం, తెల్లకణాలు, చీము కఫం, ఆక్సిజన్ అవసరం మారాలి. మీ రిపోర్టులతో పాటు ట్యూబు పడిన తేదీ రాసి పెట్టుకోండి, ఆ తేదీ లేకుండా ఈ చర్చ ముందుకు పోదు.

నిజంగా జబ్బున్న ఇద్దరి సంగతి. అసినెటోబాక్టర్‌పై సల్బాక్టమ్ తానే పనిచేస్తుంది. కిడ్నీ బాగున్నవాళ్లకు సల్బాక్టమ్ లెక్కలో రోజుకు 9 గ్రాములు, అంటే ఆంపిసిలిన్-సల్బాక్టమ్ మొత్తం 27 గ్రాములు. 1.5 గ్రాముల వయల్లు రోజుకు 18. ఎనిమిది గంటలకోసారి ఆరు వయల్లు, నాలుగు గంటలపాటు ఇన్‌ఫ్యూజన్‌గా. దానికి తోడు మరో మందు: పాలిమిక్సిన్ బి, మినోసైక్లిన్, టిగెసైక్లిన్, వీటిలో ఏది సరిపోతే అది. టిగెసైక్లిన్ రక్తంలో పలచగా ఉంటుంది, బ్లడ్ కల్చర్ పాజిటివ్ అయితే దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగితే డోసులు మారతాయి, అది అక్కడి డాక్టరు లెక్కే.

కోలిస్టిన్ ఇవ్వాల్సే వస్తే యూనిట్లలోనే రాయండి. మిల్లీగ్రాముల్లో రాస్తే పెద్ద గందరగోళం. 10 లక్షల యూనిట్లు అంటే కోలిస్టిమెథేట్ (వయల్‌లో వచ్చే రూపం) లెక్కలో సుమారు 80 మి.గ్రా., బేస్ (అసలు కోలిస్టిన్) లెక్కలో సుమారు 33 మి.గ్రా. ఎవరో 150 మి.గ్రా. అని బేస్ లెక్కలో రాస్తే, సిస్టర్ కోలిస్టిమెథేట్ లెక్కలో పోస్తే పేషెంటుకు సగం కూడా అందదు. మామూలుగా మొదటి డోసు 90 లక్షల యూనిట్లు, 12 గంటల తర్వాత నుంచి 45 లక్షలు రోజుకు రెండుసార్లు, ఆపై కిడ్నీని బట్టి. మొదటి పెద్ద డోసు వదిలేస్తే రక్తంలో మందు సరైన స్థాయికి చేరేసరికి ఒకటి రెండు రోజులు పోతాయి. క్రియాటినిన్ రోజూ చూడాలి. పాలిమిక్సిన్ బి కిడ్నీని బట్టి తగ్గించే పని లేదు, మూత్రంలోకి మాత్రం సరిగా రాదు.

ఇంకో విషయం. పాలిమిక్సిన్లు, అమికాసిన్ కండరాలను బలహీనపరచగలవు. పురుగుల మందు తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో వచ్చే ఇంటర్మీడియట్ సిండ్రోమ్‌లోనూ అదే, దిండు మీంచి తల లేపలేరు. ఈ మందులు జతయితే ట్యూబు తీసే రోజు వెనక్కి జరుగుతుంది, ట్యూబు ఉన్నన్ని రోజులు అసినెటోబాక్టర్‌కు పండగే. మెడ బలం రోజూ చార్టులో రాయండి. మెరుగైతే ఏడు రోజులకు మందు ఆపండి, రిపోర్టు నెగెటివ్ అయ్యేదాకా సాగదీయకండి.

రాత్రిడ్యూటీ

మస్తు ఉపయోగపడింది, ధన్యవాదాలు. ఇంకో రెండు మాటలు. స్టాఫ్ చేతులకు, ముక్కులకు స్వాబులు తీయాల్నా అని మేనేజ్‌మెంటు అడుగుతున్నది. ఒకాయనను హైదరాబాద్‌కు పంపే ఆలోచన ఉంది. మళ్లా గోడలు, నేల, ఏసీ కూడా స్వాబులు తీయాల్నా?

అగర్‌ప్లేటు

స్టాఫ్ ముక్కులు వదిలేయండి. స్వాబు తీస్తే భయమే తప్ప దారి దొరకదు, నెపం మాత్రం ఎవరో ఒకరి మీద పడుతుంది. గోడలు, నేల కూడా వద్దు. చేతులు తరచూ తాకేవి తీయండి: సక్షన్ రెగ్యులేటర్ నాబ్, వెంటిలేటర్ తెర, అంబు బ్యాగు, మానిటరు వైర్లు, పరుపు కుట్లు, ఇన్‌ఫ్యూజన్ పంపు బటన్లు, మందుల ట్రాలీ హ్యాండిల్, పోర్టబుల్ ఎక్స్‌రే మెషిన్ పట్టీ. పొడి స్వాబు కాదు, స్టెరైల్ సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డ ముక్కతో గట్టిగా రుద్ది బ్రాత్‌లో వేయమనండి. రానంత మాత్రాన శుభ్రంగా ఉందనుకోకండి. కానీ ఒక చోట దొరికిందంటే అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

అంతకన్నా చవకైనది ఒక కాగితం. నలుగురికీ వరస పట్టిక: చేరిన తేదీ, బెడ్ నంబర్లు, ట్యూబు తేదీ, శాంపిల్ తేదీ, ఎక్స్‌రే, ఎకో, స్కాన్, ఫిజియోథెరపీ, బ్రాంకోస్కోపీ ఏ రోజు, ఏ పరికరంతో. 3, 4, 5 పక్కపక్కనే, 9 దూరం. ఆ దూరాన్ని దాటింది ఒక వస్తువో, ఒక చెయ్యో. సమాధానం చాలాసార్లు ఆ పట్టికలోనే ఉంటుంది.

చేతులుకడుగు

హైదరాబాద్‌కు పంపేటప్పుడు రెఫరల్ లెటర్ల మొదటి లైనుల్నే రాయున్రి: ఈ పేషెంటుకు కార్బపెనెమ్‌కు (మెరోపెనెమ్, ఇమిపెనెమ్ రకం మందులకు) లొంగని అసినెటోబాక్టర్ ఉంది, కాంటాక్ట్ జాగ్రత్తలు అవసరం అని. అంబులెన్సుల వచ్చే అన్నలకు కూడా ముందుగాల చెప్పాలె, స్ట్రెచర్, సక్షన్ వాడినంక తుడిపిస్తరు. ములుగు, భూపాలపల్లి, మానుకోట దిక్కు నుంచి వచ్చే పేషెంట్లను అడ్మిషన్ల అడగాలె, మూడు నెలలల్ల వేరే దవాఖానాల ఉన్నరా, సెఫ్ట్రియాక్సోన్ లాంటి సూదులు ఊర్లె ఏమన్న పడ్డయా అని. ఉన్నరంటే రిపోర్టు వచ్చేదాకా గ్లవ్స్, గౌనుతోటే చూడున్రి.

లెక్కలు పెట్టుకోవడం మర్వకున్రి. హ్యాండ్‌రబ్ కనీసం 1000 పేషెంట్ రోజులకు 20 లీటర్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ పది బెడ్లు నిండుగ నడిస్తే నెలకు 300 రోజులు, అంటే కనీసం 6 లీటర్లు. ఐసీయూల అయితే దాన్కంటే చాలా ఎక్కువ పోవాలె. స్టోరు రిజిస్టరు తీసి చూడున్రి, ఎంత పోయిందో. అట్లనే వెంటిలేటర్ న్యుమోనియా లెక్క 1000 వెంటిలేటర్ రోజులకు తీయాలె. అయిదు వెంటిలేటర్లు మూడు వారాలు ఆగకుండ నడిస్తే 105 రోజులు, ఇద్దరికి జబ్బంటే 1000కి సుమారు 19. వచ్చే నెల ఇదే లెక్క తీసి పక్కపక్కన పెట్టున్రి.

తుడిచిన్రా లేదా అని ఆయమ్మలను అడుగుతే ఎవరైనా తుడిచినమనే అంటరు. ఫ్లోరసెంట్ మార్కరుతోటి రెయిలింగు, సక్షన్ నాబ్, పంపు బటన్ మీద చుక్క పెట్టున్రి, మర్నాడు నోట్లు చూసే యూవీ లైటుతోటి చూస్తే చుక్క పోయిందో ఉందో తెల్సిపోతది. తిట్టుడు కాదు, ఏ తావు మిగులుతున్నదో చూపెట్టున్రి.

ఒక సంగతి మర్చిన. చేతులు కడిగే సింకుల సక్షన్ జారు, మిగిలిన గ్లూకోజు, వెంటిలేటర్ నీళ్లు పోసుడు బంద్ చేయించున్రి. సింకు గొట్టంల జిడ్డు పట్టి రోగాలు పెరుగుతయి, నల్లా విప్పితే చిలికి మీటరు దాకా పడ్తది. మందులు కలిపే ట్రాలీ సింకుకు అంతకన్న దూరం జరుపున్రి, జాగ లేకుంటే మధ్యల ఒక అడ్డం పెట్టున్రి.

డోసుచార్టు

ఒక చిన్న సవరణ, చేతులుకడుగు చెప్పినదానికి చేర్పు. హైదరాబాద్ పంపే లెటర్‌లో కోలిస్టిన్ ఎంఐసీ ఎంత, ఏ పద్ధతిలో చూశారు, ఏ మందు ఏ తేదీ నుంచి నడుస్తోంది అన్నది కూడా రాయండి. డిస్క్ రిపోర్టు మాత్రమే ఉంటే ఎస్ అని తిరగరాయకుండా, డిస్క్ పద్ధతి, నమ్మదగినది కాదు అని రాయండి. లేకపోతే అక్కడి రాత్రి డ్యూటీ డాక్టరు ఆ ఎస్ చూసి కోలిస్టిన్ ఒక్కదాన్నే కొనసాగిస్తారు.